నడుస్తూ మాట్లాడలేకపోతున్న పెద్దవాళ్లు: ఇది కాళ్ల సమస్యా, తల సమస్యా?

పెదవాల్తేరు_శైలు
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 74 ఏళ్లు. బ్యాంకులో చేసి రిటైర్ అయ్యారు. షుగరు ఎప్పటినుంచో ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. ఈ మధ్య రెండు సంగతులు చూస్తున్నాం. పొద్దున్న వైజాగ్ బీచ్ రోడ్డు మీద నడుస్తున్నప్పుడు ఏదైనా అడిగితే ఆగిపోయి జవాబు చెప్తారు, చెప్పడం అయ్యాక మళ్లీ నడక మొదలుపెడతారు. రెండోది, ఇంటి లెక్కలన్నీ ఆయనే చూసేవారు, ఇప్పుడు కరెంటు బిల్లు కట్టామో లేదో నన్నడుగుతున్నారు.

మోకాళ్ల డాక్టరు ఎక్స్‌రే చూసి "వయసుకి తగ్గ అరుగుదల, అంతే" అన్నారు. ఇంకో డాక్టరు దగ్గర మతిమరుపు సంగతి చెప్తే "ఈ వయసులో మామూలే" అన్నారు. నడక ఒకరికి చెప్పాం, మతిమరుపు ఒకరికి చెప్పాం. రెండూ కలిపి ఎవరికి చెప్పాలి? అసలు రెంటికీ సంబంధం ఉందా?

గాజువాక_నాని
ఊరికే టెన్షన్ పడకండి అక్కా. మా తాతయ్య ఎనభై దాటాక కూడా సింహాచలం మెట్లు ఎక్కేవారు, కానీ నా పేరు పిలవబోయి మా బాబాయ్ పేరు పిలిచేవారు. మెల్లగా నడవడం, పేర్లు తడబడటం వయసుతో వచ్చేవే. హాస్పిటళ్ల చుట్టూ తిప్పితే ముందు ఆయనకి బెంగ పట్టుకుంటుంది.

నరాల_పీజీ
శైలు గారూ, సంబంధం ఉంది, అదీ చాలా దగ్గరి సంబంధం. నేను న్యూరాలజీ చదువుతున్నాను. ఇక్కడ రాసేది అందరికీ పనికొచ్చే సమాచారమే, మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పకూడదు.

మాట్లాడటానికి నడక ఆపడం అన్నదాన్ని స్వీడన్ పరిశోధకులు 1997లో లాన్సెట్ పత్రికలో రాశారు. వృద్ధుల వసతి గృహంలో ఉంటున్న 58 మందితో కలిసి నడుస్తూ మాట కలిపారు. 12 మంది జవాబు చెప్పడానికి ఆగిపోయారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది కిందపడ్డారు. ఆగకుండా నడిచినవాళ్లలోనూ కొందరు పడ్డారు, కాబట్టి ఆగకపోతే భయమే లేదని కాదు. ఆగుతున్నారంటే మాత్రం పట్టించుకోవాల్సిందే.

కారణం ఇది. మామూలుగా నడక మన ధ్యాస లేకుండానే సాగిపోతుంది. వెన్నుపాము, చిన్నమెదడు, మెదడు లోపలి భాగాలు ఆ పని చూసుకుంటాయి. నుదుటి వెనకుండే ముందు మెదడు కబుర్లకి, లెక్కలకి ఖాళీగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అరికాళ్ల స్పర్శ మొద్దుబారుతుంది, లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే భాగం బలహీనపడుతుంది, తొడ కండలు సన్నబడతాయి. మెదడులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి కబురు మోసే తెల్లని పోగుల్ని బీపీ, షుగరు సన్నగా దెబ్బతీస్తూ ఉంటాయి. అప్పుడు ప్రతి అడుగునీ ముందు మెదడే దగ్గరుండి వేయించాల్సి వస్తుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఫ్యాను, లైటు హాయిగా తిరుగుతాయి, మిక్సీ కూడా వేస్తే ఇన్వర్టర్ ఆ లోడ్ మోయలేదు. మీ నాన్నగారు ఆగి మాట్లాడటం అంటే ఆ లోడ్‌ని తనకి తెలియకుండానే తగ్గించుకోవడం. తెలివైన పనే, పడకుండా కాపాడుతోంది. అయితే మిగులు శక్తి తగ్గిందని కూడా అదే చెప్తోంది.

విశ్రాంత_మాస్టారు
నాకు 77. బయటికి కనిపించేది ఒకటి, లోపల జరిగేది ఒకటి. అందుకే రాస్తున్నాను.

మన ఊళ్లో చదునైన వీధి దొరకడమే కష్టం. మా వీధి ఏటవాలు. ఎక్కేటప్పుడు ఆయాసం తప్ప ఇబ్బంది లేదు, దిగేటప్పుడే ప్రతి అడుగూ ఆలోచించి వెయ్యాలి. ఎదురుగా ఆటో, పక్కన కుక్క, కింద కాలువ మీద విరిగిన పలక. మూడింటినీ చూసుకుంటూ అడుగు వేస్తుంటే వెనకనుంచి మనవడు "తాతా, జాగ్రత్త!" అని కేకేస్తాడు. వాడు ప్రేమతోనే అంటాడు. కానీ ఆ కేకకి తల తిప్పాలి, ఏమన్నాడో అర్థం చేసుకోవాలి, జవాబివ్వాలి. కాలు తడబడేది అప్పుడే. అందుకని ఇంట్లో అందరికీ ఒక మాట చెప్పాను. నేను నడుస్తున్నప్పుడు వెనకనుంచి పిలవకండి. చెప్పాల్సింది ఉంటే ఎదురుగా వచ్చి, నేను నిలబడ్డాక చెప్పండి.

చీకటి పడితే ఇంకో కష్టం. అరికాళ్లు చెప్పాల్సింది కళ్లు చెప్తున్నాయి కదా, కళ్లకి వెలుతురు లేకపోతే శరీరం ఎక్కడుందో అనుమానం వస్తుంది. కరెంటు పోయినప్పుడు ఉన్నచోటే కూర్చుంటాను.

నాని బాబూ, మెల్లగా నడవడం వయసు లక్షణమే, కాదనను. అయితే కిందటేడు లేనిది ఈ ఏడు వచ్చిందంటే దానికి వయసు అని పేరు పెట్టేసి ఊరుకోవద్దు. ఒక్క ఏడాదిలో ఎవరికీ అంత వయసు మీద పడదు.

ఫిజియో_సీతమ్మధార
మాస్టారు గారు చెప్పిన "ఎదురుగా వచ్చి చెప్పండి" అన్న మాట ప్రతి ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోవాలి.

శైలు గారూ, ఇంట్లోనే చూడగలిగే పరీక్ష ఒకటుంది. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టండి. లేచి మూడు మీటర్లు మామూలుగా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. మీ హాల్లో రెండడుగుల టైల్స్ ఉంటే ఐదు టైల్స్ దాదాపు మూడు మీటర్లు. ఫోన్లో టైమ్ చూడండి. 12 సెకన్లు, ఆపైన పడితే కిందపడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. కాస్త ఆగి ఇదే నడక మళ్లీ చేయించండి, ఈసారి నడుస్తూ వంద నుంచి మూడేసి తగ్గించి చెప్పమనండి, లేదా నెలల పేర్లు వెనక నుంచి. రెండు నడకలకీ మధ్య తేడా ఎంతుందో, తిరిగే చోట ఏం చేస్తున్నారో గమనించండి.

ఇక్కడ చాలామంది పెద్దవాళ్లు విష్ణు సహస్రనామం చదువుతూ చక్కగా నడిచేస్తారు, దాన్ని చూసి ఇంట్లోవాళ్లు ఫర్వాలేదనుకుంటారు. ఏళ్ల తరబడి కంఠతా వచ్చినది నోటికి దానంతటదే వస్తుంది, దానికి పెద్దగా ధ్యాస అక్కర్లేదు. తలకి పని పెట్టేది కొత్తదై ఉండాలి.

పరీక్ష చేసేటప్పుడు పక్కనే, చెయ్యి అందేంత దూరంలో నడవండి. చేతికర్ర వాడేవాళ్లయితే కర్రతోనే చేయించండి. రోడ్డు మీద, మెట్ల మీద ఇలాంటివి వద్దే వద్దు.

పెదవాల్తేరు_శైలు
చేయించాం అండి. మామూలు నడక బాగానే ఉంది. డిసెంబరు నుంచి వెనక్కి చెప్పమన్నాం. సెప్టెంబరు దగ్గర, సరిగ్గా తిరిగే చోట నిలబడిపోయారు. నెల గుర్తొచ్చాక గానీ కాలు కదల్లేదు. "రెండూ ఒకేసారి రావట్లేదమ్మా" అని ఆయనే అన్నారు. అరికాళ్లలో తిమ్మిరి, చెప్పు జారిపోయినా తెలియకపోవడం కూడా ఉన్నాయట, ఇప్పటిదాకా మాకు చెప్పలేదు. షుగరుకి ఆయన వేసుకునేది మెట్‌ఫార్మిన్.

నరాల_పీజీ
తిమ్మిరి, మెట్‌ఫార్మిన్ అన్నారు కాబట్టి ముందు బీ12 విటమిన్ పరీక్ష చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు. శాకాహారులైతే ఆ అవకాశం ఇంకా ఎక్కువ. బీ12 తగ్గితే వెన్నుపాములో పాదాల కబుర్లు మోసే దారి దెబ్బతింటుంది, జ్ఞాపకం కూడా మందగిస్తుంది. ఒకే లోపంతో నడకా, తలా రెండూ దెబ్బతినే జబ్బుకి ఇంతకంటే సులువైన ఉదాహరణ లేదు. ఇంజెక్షన్లతో, మాత్రలతో సరిచేయవచ్చు, కానీ ఆలస్యమయ్యేకొద్దీ పూర్తిగా వెనక్కి రావడం కష్టం. షుగరు మాత్ర మీరే ఆపేయకండి, అది డాక్టరు చూసుకుంటారు.

థైరాయిడ్ చూడాలి. పడుకున్నప్పుడూ, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపూ బీపీ చూడాలి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతుంటే లేవగానే తూలడానికి అదే కారణం కావచ్చు. దిగులు కూడా నడకనీ ధ్యాసనీ కలిపి నెమ్మదింపజేస్తుంది, అడిగితే గానీ బయటపడదు. నిద్రమాత్రలు, మత్తు తెచ్చే పాతరకం జలుబు, అలర్జీ మాత్రలు రెంటినీ చెడగొడతాయి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవాటితో సహా, ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి.

ఇంకొకటి ఉంది, తక్కువమందికే వస్తుంది గానీ తెలిసి ఉండాలి. అడుగులు నేలకి అతుక్కున్నట్టు పడటం, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు. ఈ మూడూ కలిసి వస్తే మెదడు గదుల్లో నీరు పేరుకుందేమో స్కాన్ తీసి చూస్తారు. 1965లోనే దీన్ని గుర్తించారు. సన్నని గొట్టం అమర్చి ఆ నీటిని దారి మళ్లిస్తే చాలామందికి నడక మెరుగవుతుంది. అందుకే "మతిమరుపు వేరు, నడక వేరు" అని విడదీయొద్దంటాం.

ఏ డాక్టరు అంటే, న్యూరాలజీ. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) న్యూరాలజీ విభాగం ఉంది, ప్రైవేటులో చూపించుకున్నా పర్లేదు. వెళ్లేముందు ఆయన నడక వీడియో తీయండి, తిరగడం తప్పకుండా అందులో ఉండాలి. డాక్టరు గదిలో మూడడుగులు వేస్తే ఎవరి నడకైనా బాగానే కనిపిస్తుంది.

కంచరపాలెం_కోడలు
ఈ చర్చ చదువుతుంటే మా అత్తయ్య సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. బాత్రూమ్ గుమ్మం దగ్గర జారి తల గోడకి కొట్టుకుంది. చిన్న బొప్పి, రక్తం లేదు, కాఫీ తాగి మామూలుగా కూర్చుంది. గుండెకి రక్తం పలచబడే మందు వాడుతోంది ఆవిడ. కొన్ని వారాలు పోయాక ఒక పక్కకి ఒరిగి నడవడం మొదలైంది, పొద్దున్నా సాయంత్రం తేడా తెలియకుండా మాట్లాడేది. దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో వయసు, నీరసం అని సెలైన్ ఎక్కించి పంపారు. మా ఆడపడుచు ఒప్పుకోలేదు, ఇంకో చోటికి తీసుకెళ్లి పట్టుబట్టి స్కాన్ తీయించింది. పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరి మెదడుని నొక్కుతోంది. చిన్న రంధ్రం చేసి తీసేశారు. ఇప్పుడు పూర్ణా మార్కెట్‌కి నాతో వచ్చి బేరం ఆడుతోంది.

పెద్దవాళ్ల తలకి దెబ్బ తగిలితే ఆ రోజు బాగున్నారు కదా అని వదిలేయకండి, రెండు మూడు నెలల వరకు ఓ కన్నేసి ఉంచండి. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అందుకే కనిపించిన ప్రతివాళ్లకీ చెప్తున్నాను.

నరాల_పీజీ
కోడలు గారు చెప్పింది అక్షరాలా నిజం. వయసుతో మెదడు కొద్దిగా కుంచించుకుపోయి పుర్రె లోపల ఖాళీ పెరుగుతుంది, అందుకే నెమ్మదిగా చేరే రక్తం వారాల తర్వాత గానీ బయటపడదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ల తలకి దెబ్బ తగిలితే బాగున్నట్టు కనిపించినా అదే రోజు డాక్టరుకి చూపించాలి.

న్యూజెర్సీ_వైజాగ్
మా అమ్మానాన్న మధురవాడ ఫ్లాట్‌లో ఇద్దరే ఉంటారు. వీడియో కాల్‌లో ముఖమే కనిపిస్తుంది, నడక కనిపించదు. ఇక నుంచి ఫోను స్టాండ్ మీద పెట్టి ఒకసారి వంటింటి దాకా వెళ్లి రమ్మంటాను. నాది రెండు ప్రశ్నలు. ఈ నెమ్మది నడకని ముందే చూసి మతిమరుపు జబ్బు వస్తుందో లేదో చెప్పగలరా? అమ్మ కోసం మెదడు ఆటల యాప్ ఒకటి కొన్నాను, దానివల్ల నడక మెరుగవుతుందా?

నరాల_పీజీ
మొదటిదానికి: కచ్చితంగా చెప్పలేం, ప్రమాదం ఎక్కువని చెప్పగలం. 2013లో న్యూయార్క్‌లో డాక్టర్ జో వర్గీస్ బృందం దీనికొక గుర్తింపు ఇచ్చింది. జ్ఞాపకం తగ్గిందని మనిషే చెప్పడం, నడక ఆ వయసువాళ్లకంటే బాగా నెమ్మదించడం, డిమెన్షియా, అంటే మీరడిగిన మతిమరుపు జబ్బు, మాత్రం ఇంకా లేకపోవడం. ఇవి కలిసి ఉన్నవాళ్లకి ముందుముందు డిమెన్షియా వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. మరుసటి ఏడాది 17 దేశాల సమాచారం కలిపి చూస్తే పెద్దవాళ్లలో దాదాపు పదిమందికి ఒకరిలో ఇది కనిపించింది. అదే బృందం మన కేరళలో కోజికోడ్ దగ్గర కూడా పరిశోధన చేసింది. దీనికి ఖరీదైన స్కాన్ అక్కర్లేదు, రెండు ప్రశ్నలూ ఒక గడియారమూ చాలు. మన దేశంలో 60 దాటినవాళ్లలో డిమెన్షియా 7.4 శాతమని జాతీయ సర్వేతో వేసిన అంచనా, అంటే 88 లక్షల మంది. ఇంతమందిని స్కాన్లతో వెతకడం జరిగే పని కాదు.

ఫిజియో_సీతమ్మధార
రెండోది నేను చెప్తాను. కూర్చుని ఆడే ఆటలో చెయ్యి తిరుగుతుంది, ఆ ఆటలో నైపుణ్యం వస్తుంది. మనిషి లేచి తిరగకపోతే కాళ్లకి వచ్చేదేమీ లేదు. ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల మధ్యవాళ్లు 1260 మందిని తీసుకుని, సగంమందికి రెండేళ్లపాటు తిండి, వ్యాయామం, మెదడుకి పని, బీపీ లాంటివాటి మీద నిఘా అన్నీ కలిపి ఇచ్చారు. మామూలు సలహాలు మాత్రమే విన్న మిగతా సగంతో పోలిస్తే వాళ్ల ఆలోచనాశక్తి మెరుగ్గా ఉంది. 2015లో ఆ ఫలితాలు వచ్చాయి. నాకు అన్నిటికంటే నచ్చింది జెనీవాది. 65 దాటిన 134 మందిలో సగంమందికి ఆరు నెలలు పియానో లయకి తగ్గట్టు నడవడం, లయ మారగానే అడుగు మార్చడం నేర్పారు. అడుగుల్లో తడబాటు తగ్గింది, పడటాలూ తగ్గాయి.

అమ్మగారికి ముందు కాళ్ల బలం రావాలి. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకుని మడమలు లేపడం. నిలకడ వచ్చాకే మాటలూ లెక్కలూ కలపాలి. అన్నట్టు, మీరు దూరంలో ఉన్నారు కాబట్టి 14567 నంబరు వాళ్లకి రాసి ఇవ్వండి. పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ అది.

కోలాటం_పార్వతమ్మ
జెనీవా దాకా ఎందుకమ్మా, మన కోలాటంలో ఉన్నదంతా అదే కదా. మా కాలనీ గుడి దగ్గర ఆడవాళ్లం సాయంత్రాలు ఆడతాం, అరవై దాటినవాళ్లే ఎక్కువ. అడుగు తాళానికి పడాలి, కర్ర ఎదుటావిడ కర్రకి తగలాలి, గురువు కేక వెయ్యగానే కోపు (ఆట తీరు) మార్చాలి, నోటితో పాట అందుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్లు పాట అందుకుంటే అడుగు తప్పుతారు, అడుగు చూసుకుంటే కర్ర మరిచిపోతారు. వాళ్లని లోపలి వరసలో, కర్రలు లేకుండా అడుగుకే పెడతాం. అది కుదిరాక కర్రలిస్తాం. పాట అన్నిటికంటే ఆఖర్న. మాకు సైన్సు తెలియదు, ఆట నేర్పే పద్ధతి అలా వచ్చింది.

మా ఊరి వైపు తప్పెటగుళ్ళు ఆడే పెద్దవాళ్లని చూసేదాన్ని చిన్నప్పుడు. గుండెల మీద రేకు గుళ్లు వాయిస్తూ, గెంతుతూ, పాడుతూ, ఎవరి అడుగూ తప్పేది కాదు.

నరాల_పీజీ
పార్వతమ్మ గారూ, మీ వరసక్రమం మేం పుస్తకాల్లో చదివేదే. డాక్టర్ వర్గీస్ బృందమే 2003లో 75 దాటిన 469 మందిని గమనించి రాసింది: చదవడం, వాద్యం వాయించడం, కూర్చుని ఆడే ఆటలతో పాటు నాట్యం చేసేవాళ్లలో డిమెన్షియా తక్కువ కనిపించింది. శరీరంతో చేసే పనుల్లో అలా తేలింది నాట్యం ఒక్కటే. ముందే ఆరోగ్యంగా ఉన్నవాళ్లే నాట్యానికి వెళ్లి ఉండొచ్చు కాబట్టి దీన్ని మందులా చెప్పను. కానీ మా అమ్మనైతే పంపిస్తాను.

గాజువాక_నాని
పరీక్షలు చేయించమంటున్నారు, సరే. నా భయం వేరే. పరీక్షలయ్యాక ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని పెద్దాయన్ని కూర్చోబెట్టడం. పాల ప్యాకెట్టుకి వెళ్లొద్దు, మేడ ఎక్కొద్దు, స్టూలెక్కి దేవుడి పటం తుడవొద్దు. మా పక్కింటి తాతగారికి అలా అన్నీ మాన్పించారు. ఏడాది తిరక్కుండానే మంచం నుంచి బాత్రూమ్‌కి కూడా మనిషి కావాల్సి వచ్చింది.

విశ్రాంత_మాస్టారు
నాని, ఈ మాట దగ్గర నీతోనే ఉన్నాను. పడతామన్న భయం పడటమంత చేటు చేస్తుంది. స్టూలు మాన్పించండి, అది సబబే. పాల ప్యాకెట్టు మాత్రం మాన్పించకండి. నాకు రోడ్డు దాటడం కష్టమైంది. వచ్చే బండి ఎంత వేగంగా వస్తోందో, నేను ఎంతసేపట్లో దాటగలనో రెండూ లెక్కవేసే సరికే బండి వచ్చేస్తుంది. అందుకని రోడ్డుకి ఇవతలి పక్కనే ఉన్న కొట్టుకి మారాను. వెళ్లడం మానలేదు.

పెద్దవాళ్లతో ఏం మాన్పించాలన్నా, దాని బదులు ఏం చేస్తారో వాళ్లనే అడిగి తేల్చండి.

ఫిజియో_సీతమ్మధార
ఇల్లు కూడా సర్దండి, మనిషిని మాత్రమే కాదు. రాత్రి మంచం నుంచి బాత్రూమ్ దాకా చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. బాత్రూమ్‌లో గోడకి గట్టి కడ్డీ పెట్టించండి, టవల్ వేసుకునే రాడ్ మనిషి బరువు ఆపదు. గడపకి నేలరంగు కాకుండా వేరే రంగు వేయించండి. పై సగం దూరానికీ కింది సగం చదవడానికీ ఉండే కళ్లద్దాలతో మెట్లు దిగితే కింది మెట్టు మసకగా కనిపిస్తుంది, దూరం చూసే అద్దాలు విడిగా చేయించుకోవడం మంచిది. చెవుడు ఉంటే మిషన్ పెట్టించండి. మాట వినడానికే ధ్యాసంతా పోతే అడుగుకి మిగిలేది తక్కువ.

సింహాచలం_భక్తురాలు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మకి 70, షుగరు ఉంది, ఈమధ్య మాట్లాడితే నడక ఆపుతోంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తానని మొక్కుకుంది. వద్దంటే ఏడుస్తోంది. ఏం చెయ్యమంటారు?

ఫిజియో_సీతమ్మధార
32 కిలోమీటర్లు, రాత్రంతా, జనంలో, చెప్పుల్లేకుండా. ఆవిడకి కష్టమైనవన్నీ ఒకేచోట ఉన్నాయి అందులో. షుగరున్న పాదాలకి గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. ముందు పాదాల స్పర్శ పరీక్ష, బీ12 చేయించండి. మొక్కు మాన్పించక్కర్లేదు. గిరి చుట్టూ తిరగలేనివాళ్లు పౌర్ణమినాడు కొండ మీద ఆలయం చుట్టూ ప్రదక్షిణ చేస్తారు కదా, అది అడిగి చూడండి. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టించి, పగటి వెలుతురు ఉండగానే కొంత దూరం నడిపించి, అక్కడి నుంచి బండిలో కొండ మీదికి తీసుకెళ్లినా ఆవిడ మనసు నిండుతుంది. నడిచినంతసేపూ మీరు పక్కన, అర అడుగు వెనకగా ఉండండి, గోవింద నామం తప్ప వేరే కబుర్లు పెట్టకండి.

సింహాచలం_భక్తురాలు
అమ్మకి చదివి వినిపించాను. ఆలయ ప్రదక్షిణకి ఒప్పుకుంది. పరీక్షలకి సోమవారం వెళ్తున్నాం.